ఆనకట్ట మట్టి కింద నుంచి లేచిన పేర్లు

(జూన్ 21 సంస్మరణ సభలో చేసిన ప్రసంగ పాఠం)





ఇప్పుడే మనం లేచి నిలబడి రెండు నిమిషాలు మౌనం పాటించినం. ఈ పని మనకు కొత్త కాదు. గన్‌పార్కు స్తూపం ముందట ఎన్నిసార్లు నిలబడ్డమో లెక్క లేదు. ఇయ్యాల మనం నిలబడ్డది మాత్రం అమెరికాలో, మిసిసిపీ రాష్ట్రంలో, నెషోబా కౌంటీలో 1964 జూన్ 21 రాత్రి చంపేసిన ముగ్గురు యువకుల కోసం. జేమ్స్ చేనీ, 21 ఏండ్లు. ఆండ్రూ గుడ్‌మన్, 20 ఏండ్లు. మైఖేల్ ష్వెర్నర్, 24 ఏండ్లు. ఇక్కడ కూర్చున్న పిల్లల్లో చాలామందిది అదే వయసు. చేనీ నల్లజాతి పిల్లగాడు, మిగతా ఇద్దరు తెల్లవాళ్లు, యూదులు.

పొద్దున ఒక తమ్ముడు అడిగిండు. "మనకు మన కథలే బోలెడున్నయి గదన్నా, అమెరికా ముచ్చట ఎందుకు?" అన్నడు. అడగవలసిన ప్రశ్నే. మేం చెప్పదలుచుకున్నది ఎక్కువగా ఆ ఒక్క రాత్రి గురించి కాదు, ఆ తర్వాత గడిచిన 41 ఏండ్ల గురించి. తమ్ముడు జర ఓపిక పట్టాలె.

అప్పటి మిసిసిపీ ఎట్లుండెనో ముందు చెప్పుకుందాం. జనాభాలో నూటికి నలభై మందికి పైగా నల్లవాళ్లు. నల్లవాళ్లకు ఓటు హక్కు అమెరికా రాజ్యాంగంలో 1870 నుంచే రాసి ఉంది. కానీ 1962 నాటికి మిసిసిపీలో ఓటరు జాబితాకు ఎక్కినోళ్లు, ఓటు వయసొచ్చిన నల్లవాళ్లలో నూటికి ఏడుగురు కూడా లేరు. ఎట్ల ఆపిన్రు? పేరు రాయించుకుందామని పోతే కౌంటీ గుమస్తా రాష్ట్ర రాజ్యాంగంలోంచి ఏదో ఒక సెక్షన్ చూపించి, దీని అర్థం రాయమనెటోడు. రాసింది ఒప్పో తప్పో తేల్చేది కూడా ఆయనే. చదువుకున్న నల్ల పంతులు ఫెయిలయ్యెటోడు, అక్షరం సరిగ్గా రాని తెల్లాయన పాసయ్యెటోడు. దాని మీద పోల్ ట్యాక్స్. ఇవన్నీ దాటి దరఖాస్తు పెట్టుకుంటే ఆ పేరును స్థానిక పేపర్లో అచ్చేయించెటోళ్లు, అందరూ చూడాలని. చూసినంక పని పోయేది, కౌలు పోయేది, దుకాణంలో ఉద్దెర బందయ్యేది. కడుపు మీద కొట్టుడు అంటే ఏందో ఉద్యోగులకు మనం విడమరిచి చెప్పనక్కర లేదు.

1964 ఎండాకాలంలో పౌరహక్కుల సంఘాలు కలిసి ఒక నిర్ణయం చేసినయి. దాదాపు వెయ్యి మంది వాలంటీర్లను, ఎక్కువగా ఉత్తరాది కాలేజీల తెల్ల విద్యార్థులను, మిసిసిపీకి పిలిచినయి. ఓటర్లను నమోదు చేయించుడు, పిల్లలకు ఫ్రీడం స్కూళ్లు నడుపుడు వాళ్ల పని. దాన్నే ఫ్రీడం సమ్మర్ అన్నరు. ఇందులో ఒక చేదు లెక్క ఉండె. నల్లోడు చస్తే దేశం తిరిగి చూడదు, తెల్లోళ్ల బిడ్డ మీద దెబ్బ పడితే చూస్తది అని. ఆ లెక్క నిజమైన తీరు మీరే చూస్తరు.

చేనీ మెరీడియన్ పట్నం పిల్లగాడు, ప్లాస్టరింగ్ పని చేసెటోడు. ష్వెర్నర్ న్యూయార్క్ నుంచి భార్య రీటాతోటి ఆ జనవరిలోనే మెరీడియన్ వచ్చి, నల్లవాళ్ల కోసం ఒక కేంద్రం నడుపుతున్నడు. నెషోబా కౌంటీ లాంగ్‌డేల్ పల్లెలో మౌంట్ జాయన్ చర్చి పెద్దలతోటి మాట్లాడి, అక్కడ ఫ్రీడం స్కూలు పెట్టడానికి చూస్తున్నరు. జూన్ 16 రాత్రి కూ క్లక్స్ క్లాన్ మంది ఆ చర్చి మీద పడ్డరు. వాళ్లు వెతికింది ష్వెర్నర్‌ను. ఆయన అప్పుడు ఒహాయోలో వాలంటీర్ల శిక్షణ శిబిరంలో ఉండె. ఆయన దొరకకపోయేసరికి మీటింగు ముగించుకొని బయటికొస్తున్న పెద్దమనుషులను కొట్టిన్రు, చర్చిని తగలబెట్టిన్రు.

సంగతి తెలిసి ష్వెర్నర్, చేనీ జూన్ 20న మెరీడియన్ చేరిన్రు. వాళ్ల వెంట కొత్తగా వచ్చినోడు గుడ్‌మన్, న్యూయార్క్ క్వీన్స్ కాలేజీ విద్యార్థి. తెల్లారి ఇంటికి కార్డు రాసిండు. క్షేమంగా చేరిన, ఊరు బాగుంది, ఇక్కడి మనుషులు మంచోళ్లు అని రాసిండు. ఆ కార్డు తల్లి చేతికి అందేసరికి కొడుకు లేడు.

ఆ ఆదివారం ముగ్గురూ కాలిపోయిన చర్చిని చూసి, దెబ్బలు తిన్నోళ్లను పలకరించి తిరిగొస్తున్నరు. కౌంటీ పట్నం పేరు ఫిలడెల్ఫియా. మనం వినే పెద్ద ఫిలడెల్ఫియా కాదు, చిన్న పట్నం. ఆ పేరుకు గ్రీకు భాషలో అన్నదమ్ముల ప్రేమ అని అర్థమట, చూడండ్రి. అక్కడ డిప్యూటీ షెరీఫ్ సెసిల్ ప్రైస్ కారాపిండు. చేనీ మీద స్పీడు కేసు. మిగతా ఇద్దరిని చర్చి తగలబడ్డ కేసులో విచారణకని లోపలేసిండు! వాపసు రాకపోయేసరికి ఆఫీసులో ఉన్న సహచరులు జైళ్లకు వరుసగా ఫోన్లు చేసిన్రు. మా దగ్గర లేరని జవాబు. రాత్రి పదిన్నర ప్రాంతంలో 20 డాలర్ల జరిమానా కట్టించుకొని విడిచిపెట్టిన్రు. అన్ని గంటలు ఎందుకు ఆపిన్రంటే, క్లాన్ మంది పోగు కావడానికి, మట్టి తోసే యంత్రం మాట్లాడుకోవడానికి టైం కావాలె. తర్వాత ప్రైస్ వెంటపడి మళ్లీ కారాపి, తన చేతులతోటే వాళ్లకు అప్పజెప్పిండు. ఊరవతల రాక్ కట్ రోడ్డు మీద ముగ్గురినీ కాల్చి చంపి, ఒక పొలంలో కడుతున్న మట్టి ఆనకట్ట కింద పూడ్చిపెట్టిన్రు.

ఇక వెతుకులాట. ఇది నాటకం, పబ్లిసిటీ కోసం ఎక్కడో దాక్కున్నరని రాష్ట్ర పెద్దలు అన్నరు. ప్రెసిడెంట్ జాన్సన్ వందలాది నౌకాదళ సిపాయిలను చిత్తడి నేలల్లోకి దింపిండు. దేశమంతా టీవీల ముందు కూర్చుంది. అప్పుడు ష్వెర్నర్ భార్య రీటా పత్రికలోళ్ల ముందు నిలబడి ఒక మాట అన్నది. ఆమె వయసు అప్పుడు ఇరవై రెండు. నా భర్త, గుడ్‌మన్ తెల్లవాళ్లు కాబట్టే ఇంత హడావుడి, చేనీ ఒక్కడే మాయమైతే ఎవరూ పట్టించుకునెటోళ్లు కాదని సూటిగా చెప్పింది. భర్త బతికున్నడో లేడో తెలియని ఘడియలో, సానుభూతి మొత్తం తన మీదే కురుస్తుంటే, దాన్ని పక్కకు నెట్టి అన్న మాట అది. మనం ఎన్నో సభల్లో ఎంతోమంది ధైర్యవంతులను చూసినం. ఇట్లాంటి ధైర్యం అరుదు.

ఆమె మాట ఎంత నిజమో జూలైలో తేలింది. ఆ ముగ్గురి కోసం వెతుకుతుంటే మిసిసిపీ నది పాయలో రెండు శవాలు దొరికినయి. ఇద్దరూ నల్ల పిల్లగాళ్లు. వీళ్లు కాదని తెలియగానే కెమెరాలు పక్కకు తిరిగినయి. వాళ్ల పేర్లు హెన్రీ డీ, చార్లెస్ మూర్. ఇద్దరికీ 19 ఏండ్లు. మే 2న క్లాన్ వాళ్లను ఎత్తుకపోయి, అడవిలో కొట్టి, బరువులు కట్టి నీళ్లలో ముంచింది. రెండు నెలలకు పైగా వాళ్ల కోసం ఒక్క పడవ కూడా నీళ్లలోకి దిగలేదు. వీళ్ల పేర్లు కూడా ఇందాక మనం మౌనం పాటించేటప్పుడు చదివి ఉండవలసింది. చదవలేదు. తప్పు మనదే.

44 రోజులకు, ఆగస్టు 4న, డబ్బు ఆశకు ఒకడు ఇచ్చిన సమాచారంతోటి ఆనకట్ట తవ్వి ముగ్గురినీ బయటికి తీసిన్రు. కొడుకులను పక్కపక్కనే ఖననం చేయాలని కుటుంబాలు కోరుకున్నయి. నల్లవాళ్లకు వేరే, తెల్లవాళ్లకు వేరే శ్మశానాలున్న ఆ రాష్ట్రంలో అది కూడా కుదరలేదు. చేనీని మెరీడియన్‌లో పెట్టిన్రు, మిగతా ఇద్దరి దేహాలు న్యూయార్క్ పోయినయి.

మరి కేసు? ఇక్కడ లా చదివే విద్యార్థులు శ్రద్ధగా వినాలె. అమెరికాలో హత్య కేసు పెట్టవలసింది రాష్ట్ర ప్రభుత్వం. మిసిసిపీ పెట్టలేదు. పెట్టకపోతే కేంద్రానికి హత్య కేసు పెట్టే అధికారం లేదు. అందుకని జాన్ డోర్ అనే కేంద్ర న్యాయశాఖ అధికారి, అంతర్యుద్ధం తర్వాత 1870లో చేసిన ఒక పాత చట్టాన్ని పట్టుకున్నడు. పౌరుల హక్కులు హరించడానికి కుట్ర చేసిన్రు అనేది దాని కింద నేరం. గరిష్ఠ శిక్ష పదేండ్లు. అంటే ముగ్గురిని చంపితే, వాళ్ల హక్కులకు భంగం కలిగించిన్రని కేసు! జడ్జి హెరాల్డ్ కాక్స్ దాన్ని కూడా చాలామంది మీద కొట్టేసిండు. సుప్రీంకోర్టు 1966లో మళ్లీ నిలబెట్టింది. 1967 అక్టోబర్‌లో 18 మంది మీద విచారణ. జ్యూరీ మొత్తం తెల్లవాళ్లే. ఏడుగురికి శిక్ష పడింది, మూడేండ్ల నుంచి పదేండ్ల దాకా. డిప్యూటీ ప్రైస్ అందులో ఒకడు. షెరీఫ్ రెయినీ నిర్దోషిగా బయటికొచ్చిండు. శిక్ష పడ్డోళ్లలో కూడా ఎవరూ ఆరేండ్లకు మించి జైల్లో లేరు.

మందిని పోగేసి అంతా నడిపించినోడు ఎడ్గర్ రే కిల్లెన్. రంపపు మిల్లు నడిపెటోడు, ఆదివారాలు చర్చిలో బోధించెటోడు. ఆయన విషయంలో జ్యూరీలో పదకొండు మంది దోషి అన్నరు. ఒక్కామె మాత్రం మత బోధకునికి శిక్ష వేయలేనన్నది. ఒక్క ఓటు! కిల్లెన్ ఇంటికి పోయిండు. అదే కౌంటీలో, అదే రోడ్ల మీద 37 ఏండ్లు తిరిగిండు. ఊర్లో అందరికీ తెలుసు. చేనీ తల్లి ఫానీ లీ చేనీకి మాత్రం ఆ ఊర్లో బతుకు లేకపాయె. పని పోయింది, బెదిరింపులు ఆగలేదు. పిల్లలను తీసుకొని న్యూయార్క్ పోయి వృద్ధుల ఆశ్రమంలో ఊడ్చే తుడిచే పని చేసుకుంటూ బతికింది. చంపించినోడు సొంతూర్లో, చచ్చినోని తల్లి పరాయి ఊర్లో.

ఈ 41 ఏండ్లు ఆ పేర్లను బతికించింది ఎవరని మనం వెతికితే, పెద్ద పెద్ద నాయకులు తక్కువ కనబడతరు. మౌంట్ జాయన్ చర్చిని మళ్లీ కట్టుకున్నరు, ఏటేటా జూన్‌లో అక్కడ సంస్మరణ జరుపుకుంటూ వచ్చిన్రు. ఫ్లారెన్స్ మార్స్ అని ఫిలడెల్ఫియాలోనే పుట్టిన తెల్లామె ఉండె. పశువుల సంత నడిపెటామె. విచారణకు పోయి ఉన్న మాట చెప్పిందని క్లాన్ ఆమె సంతను బహిష్కరింపజేసింది. అమ్ముకోవలసి వచ్చింది. ఆమె కూర్చొని ఊరి చరిత్రంతా పుస్తకంగా రాసి 1977లో అచ్చేసింది. తన వాళ్ల తప్పు తనే రాసుకునుడు అంత తేలిక పని కాదు. 1988లో హాలీవుడ్ సినిమా ఒకటి వచ్చింది, మీలో కొందరు చూసి ఉంటరు, 'మిసిసిపీ బర్నింగ్'. అందులో కేంద్ర పోలీసులే హీరోలు, నల్లవాళ్లు మూలకు నిలబడి భయపడే మనుషులు. నిజానికి ఆ కేంద్ర పోలీసుల పెద్ద హూవర్ అదే కాలంలో మార్టిన్ లూథర్ కింగ్ మాటలను దొంగచాటుగా వినే పనిలో ఉన్నడు. కథ చెప్పే హక్కు ఇంకొకల చేతికి పోతే ఏమైతదో మనకు తెలియంది కాదు.

ఇక కాగితాల సంగతి. మిసిసిపీ ప్రభుత్వం 1956లో సావరెన్టీ కమిషన్ అని ఒక సంస్థ పెట్టింది. పేరుకు రాష్ట్ర హక్కుల రక్షణ, చేసింది ప్రజల సొమ్ముతోటి పౌరహక్కుల కార్యకర్తల మీద గూఢచర్యం. ష్వెర్నర్ తిరిగే కారు నంబరు ఆ కమిషన్ ద్వారానే షెరీఫ్‌కు చేరింది. 1977లో దాన్ని మూసేసి, ఫైళ్లకు 2027 దాకా తాళమేసిన్రు. కోర్టులో ఏండ్ల తరబడి కొట్లాడితే 1998లో తాళం తెరుచుకుంది. లక్షకు పైగా పేజీలు. రాష్ట్రం అనే మాట కోసం కొట్లాడినోళ్లం మనం. అందుకని ఇక్కడ ఒక మాట. రాష్ట్రాల హక్కులు అనే నినాదాన్నే అక్కడ నల్లవాళ్ల మెడ మీద కత్తిగా వాడిన్రు. 1980లో రేగన్ ఎన్నికల ప్రచారంలో అదే నెషోబా కౌంటీ జాతరకు వచ్చి రాష్ట్రాల హక్కుల గురించి మాట్లాడిండు, ఆ ముగ్గురి పేర్లు ఎత్తలేదు. మాట ఒకటే అయినా ఎవరి నోట్లో ఉందో, ఎవరి మీద వాడుతున్నరో చూసుకోవాలె.

1998లోనే జెర్రీ మిచెల్ అనే విలేకరి ఇంకో గుట్టు విప్పిండు. క్లాన్ పెద్ద శామ్ బోవర్స్ ఎప్పుడో ఒక చరిత్ర భాండాగారానికి ఇంటర్వ్యూ ఇచ్చి, తను చచ్చేదాకా బయటపెట్టొద్దన్నడు. అసలు సూత్రధారి దర్జాగా బయటికి నడిచి పోయిండని, తను జైలుకు పోయినా తనకు అది సంతోషమేనని అందులో చెప్పుకున్నడు. దాంతోటి కేసు మళ్లీ తెరవాల్సిందేనని చేనీ తమ్ముడు బెన్, మిగతా కుటుంబాలు పట్టుబట్టిన్రు. ఇల్లినాయ్‌లో ముగ్గురు హైస్కూలు ఆడపిల్లలు వాళ్ల సారుతోటి కలిసి చరిత్ర ప్రాజెక్టు కింద ఈ కేసును తవ్వి, కిల్లెన్‌నే మాట్లాడించి రికార్డు చేసిన్రు. 2004లో ఫిలడెల్ఫియాలోనే నల్లవాళ్లు, తెల్లవాళ్లు, చాక్టా ఆదివాసులు ఒక వేదికగా కూడి న్యాయం చేయమని అడిగిన్రు. 2005 జనవరిలో కిల్లెన్‌ను అరెస్టు చేసిన్రు.

అప్పటికే చాలామంది సాక్షులు చచ్చిపోయిన్రు. మరి సాక్ష్యం ఎట్ల? 1967 విచారణలో వాళ్లు చెప్పింది కోర్టు రికార్డులో ఉంది గదా, దాన్నే ఎనభై ఏండ్ల కిల్లెన్ ముందట గట్టిగా చదివి వినిపించిన్రు. చచ్చిపోయినోళ్లు కాగితంలోంచి సాక్ష్యం చెప్పిన్రు. ఆనాడు ఓడిపోయిన కేసు అనుకున్నది, 38 ఏండ్లకు ఇట్ల అక్కరకొచ్చింది. రికార్డు సెక్షన్లో పనిచేసే అన్నలు, అక్కలు ఇక్కడ ఉన్నరు. మీ చేతి మీదుగా పోయే పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, డ్యూటీ రిజిస్టర్ ఎవరి ఇంట్లో దీపమైతదో మీకే తెలియదు.

2005 జూన్ 21న తీర్పు. చంపిన దినానికి సరిగ్గా 41 ఏండ్లు. జ్యూరీలో తొమ్మిది మంది తెల్లవాళ్లు, ముగ్గురు నల్లవాళ్లు. హత్య అనలేదు, ఒక మెట్టు కిందికి దించి నరహత్య అన్నరు, మూడు లెక్కల మీద. ఒక్కొక్కరికి 20 ఏండ్లు, మొత్తం 60. కిల్లెన్ 2018 జనవరిలో జైల్లోనే చచ్చిపోయిండు. మిగతా వాళ్ల మీద ఇక ఏం చేయలేమని 2016లో రాష్ట్రం ఫైలు మూసేసింది. దీన్ని న్యాయం అందామా? కొంత న్యాయం అందాం. పూర్తిగా జరిగిందని సంబురపడితే అబద్ధం చెప్పినట్టే.

ఇక డీ, మూర్. మూర్ అన్న థామస్, సైన్యంలో చేసి రిటైరైనోడు. 2005లో ఒక కెనడా డాక్యుమెంటరీ దర్శకునితోటి కలిసి తమ్ముణ్ని చంపిన ఊరికి తిరిగి పోయిండు. నిందితుడు జేమ్స్ ఫోర్డ్ సీల్ చచ్చిపోయిండని అందరూ అనుకుంటున్నరు. పోయి అడిగితే, అగో ఆ రోడ్డు మీదనే ఉంటడని ఎవరో చెప్పిన్రు. 2007 ఆగస్టులో సీల్‌కు మూడు యావజ్జీవాలు పడ్డయి. నలభై మూడేండ్ల కింద కెమెరాలు పక్కకు తిరిగిన కేసు, ఒక అన్న ఊరూరా తిరిగితే నిలబడ్డది.

ఇప్పుడు పొద్దుటి తమ్మునికి జవాబు. 1946 తర్వాత అమెరికాకు వలస పోవడానికి మన దేశానికి ఇచ్చిన కోటా ఏడాదికి వంద మంది. తెల్లజాతి దేశాలకు పెద్ద పీట వేసిన ఆ పద్ధతిని 1965 అక్టోబర్‌లో ఎత్తేసిన్రు. 1964 జూలై 2న పౌరహక్కుల చట్టం, 1965 ఆగస్టులో ఓటు హక్కుల చట్టం, వాటి వెంటనే ఈ వలస చట్టం. మూడూ ఒకే పోరాటపు ఊపులో వచ్చినవే. ఇక్కడున్న ఎంతమంది ఇండ్లలో డాలస్‌లో కొడుకో, న్యూజెర్సీలో బిడ్డో ఉన్నరు? వాళ్లు పోయిన తొవ్వ చేనీ లాంటి వాళ్లు పరిచింది. ఆ తొవ్వ మీద ఇంకా నెత్తురు ఆరలేదు కూడా. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్‌లోని ఒలేతాలో, పని ముగించుకొని దోస్తుతోటి కూర్చున్న మన హైదరాబాద్ ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను, నా దేశం విడిచి పొమ్మని అరుస్తూ ఒకడు కాల్చి చంపిండు. అడ్డం పడబోయిన తెల్ల యువకునికి కూడా తూటా దిగింది. ఆ హంతకునికి ఏడాదిన్నర లోపలే, విద్వేష నేరం కింద కూడా, యావజ్జీవాలు పడ్డయి. 41 ఏండ్లు పట్టలేదు. ఎందుకు పట్టలేదో ఇందాకటి కథలో ఉంది.

తల్లుల ముచ్చట చెప్పి ముగిస్తం. 2005 విచారణకు ఫానీ లీ చేనీ వచ్చింది, ఎనభై దాటిన ముసలమ్మ. గుడ్‌మన్ తల్లి కరోలిన్ కూడా వచ్చింది, తొంభైకి దగ్గర పడ్డది. ఆ ఆదివారం పొద్దున కొడుకు తిని బయల్దేరిండని, తనూ వస్తనని చిన్నోడు బెన్ ఏడిస్తే తిరిగొచ్చినంక తిప్పుతనని మాటిచ్చిండని, మళ్లీ రాలేదని ఫానీ లీ చేనీ కోర్టులో చెప్పింది. అంతే చెప్పింది. ఇద్దరు తల్లులూ 2007లో కన్ను మూసిన్రు, తీర్పు విని.

మెరీడియన్ అవతల గుట్ట మీద చేనీ సమాధి ఉంది. దాన్ని ఎన్నోసార్లు పాడుచేసిన్రు, రాయిని పడగొట్టిన్రు. పడిన ప్రతిసారీ వాళ్లు మళ్లీ నిలబెట్టిన్రు. చివరికి ఆ రాయి వెనక నుంచి ఉక్కు దూలాలు ఊతం పెట్టి బిగించిన్రు. ఇయ్యాల ఎవరు పోయి చూసినా ముందు రాయి కనబడతది, వెనక ఆ దూలాలు కనబడతయి.